వీరాంజి మేస్త్రి ఫోన్ పాట

వీరాంజి అని నాట్ల మేస్త్రి ఒకడున్నాడంట కాలవ దిగువన. ఇరవై మంది ఆడోళ్ల ముఠా ఆయనది. ఆయనకి ఫోనంటే పిచ్చి అనుకో. మనకి ఆకలేస్తే అన్నం గుర్తొస్తది, ఆయనకి ఫోన్ ఛార్జింగ్ గుర్తొస్తది. పాటల యాప్ అంట, సినిమాల యాప్ అంట, ఆటల యాప్ అంట, కొత్తది ఏదొచ్చినా ఊళ్లో ముందు ఆయన ఫోన్లోనే దిగాల. అయితే ఏమైందంటే, పున్నారావుగారి మూడెకరాలు నాటే రోజున ముఠాలో పాట చెప్పే తిరపతమ్మకి గొంతు పోయింది. నాట్లంటే మీకు తెలిసిందే గదా, ఒకామె పాట చెప్తే మిగతావోళ్లు వంగిన నడుం ఎత్తకుండా అదే మాట తిప్పి అంటా, ఆ ఊపు మీద నాటుకుంటా వెనక్కి నడుస్తారు. పాట లేకపోతే చెయ్యి ఆడదు. నారేమో పీకేసి కట్టలు మడిలో పడేశారు. తెల్లారితే ఈ చేనికి కాలవ వంతు అయిపోద్ది, నీళ్లు వేరే చేలకి తిప్పేస్తారు. "పొద్దుగూకేలోపు అవకపోతే నారు మాడిపోద్ది వీరాంజీ, మిగతా చేలకి పక్కూరి ముఠాని పిలుచుకుంటా" అని పున్నారావుగారు తెగేసి చెప్పాడంట. సీజనంతా ఆయన చేలమీదే బతకాల ముఠా. ఇరవై కొంపల కూడు అది.

"మీకెందుకు, పాట నేను తెప్పిస్తాగా" అన్నాడంట వీరాంజి. కొత్త స్పీకర్ ఒకటి తెచ్చి మడి మధ్య గట్టు మీద పెట్టి, ఫోన్ పట్టుకోని ఈ చివర కూర్చున్నాడు. మొదలే గంతులేసే పాట పెట్టాడు. ఆ దరువుకి ఆడోళ్లు ఒకటే పరుగు, నారు ఆడొకటి ఈడొకటి. పున్నారావుగారు చూసి, "ఏందిరా ఇది, మొక్కకీ మొక్కకీ మధ్యన బర్రె పడుకునేట్టుంది" అన్నాడంట. సరే, ఏడుపు పాట పెట్టాడు. వాళ్లు మూడు మొక్కలు నాటి ఒకసారి ముక్కు చీదుకోవడం. ఈలోపు పాట ఆగి ప్రకటన వొచ్చింది. "కీళ్ల నొప్పులా? నడుం నొప్పులా?" అన్నాడు అందులో వాడు. వంగినోళ్లు వంగినట్టే, "కీళ్ల నొప్పులా, నడుం నొప్పులా" అని రాగం తీశారంట! మరి అలవాటు గదా, చెవిలో పడిన మాట నోట్లో నుంచి రావాల్సిందే. ఒసే కిష్టమ్మా, నవ్వబాక, నువ్వయినా అంతే.

మజ్జాన్నం అన్నాల కాడ సినిమా పెట్టాడు. కథానాయిక పుట్టింటికి పోయిందా లేదా తేలందే లేవమని కూర్చున్నారు ఆడోళ్లు. అది తేలేసరికి పొద్దు వాలింది. మళ్లీ మడిలో దిగారు గానీ, ఈయన చూడబోతే ఫోన్లో ఏదో సేద్యం ఆట ఆడుకుంటన్నాడు. "ఎకరం అయిపోయిందోయ్!" అని గట్టిగా అరిచాడంట. తిరపతమ్మ లేచి చుట్టూ చూసి, "ఏ ఎకరం అన్నా?" అంది ఆ బొంగురు గొంతుతో. "ఫోన్లో ఎకరం" అన్నాడు. ఆమె చేతిలో నారు కట్ట ఉంది గాబట్టి సరిపోయింది, రాయి ఉంటేనా! ఇంకా ఎకరన్నర అట్టానే ఉంది. అప్పటికి వీరాంజికి తెలిసొచ్చింది. నా సోకు కోసం ఇంతమంది నోటికాడి కూడు తీస్తన్నానే అని కళ్లలో నీళ్లు తిరిగినయ్యంట పాపం.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. పెళ్లాం నాంచారమ్మ. ఆ స్పీకర్ ఎట్టా వొచ్చిందో నేను మీకు చెప్పలా గదా? ఆమె ఇత్తడి బిందె పట్నంలో ఇచ్చేసి తెచ్చాడు మహానుభావుడు! కుళాయి నీళ్లొచ్చినయ్, ఆమె బిందె కోసం వెతికింది, లేదు. ఈయన ఫోన్ చెవిలో పెట్టుకోని "హలో, హలో" అంటన్నాడు, చెవిలో ఏం వినపడదే. ఫోన్ స్పీకర్‌కి కలిపుంది గదా, ఆమె గొంతు మడి మధ్యలో లేచింది. "బిందె యాడుందయ్యో మొగుడా!" అంది. ఇరవై మందీ తల ఎత్తకుండా, "బిందె యాడుందయ్యో మొగుడా!" అన్నారు. "మా మేనత్త ఇచ్చిందయ్యో మొగుడా!" "మా మేనత్త ఇచ్చిందయ్యో మొగుడా!" వీరాంజి ఆపుదామని బురదలో పడతా లేస్తా పోయి స్పీకర్ అందుకున్నాడు. "ఆపబాక!" అని ఆ బొంగురు గొంతుతోనే కేకేసింది తిరపతమ్మ. చూస్తే ఏముంది, దరువు కుదిరింది, నారు వరస తప్పకుండా పడతంది. గట్టు మీద పున్నారావుగారు కూడా, "ఆపావంటే చంపేస్తా" అన్నాడంట. అవతల నాంచారమ్మకి ఏమనిపించిందంటే, ఊరంతా నా పక్కన ఉంది గదా అని. దాంతో ఇంకా రెచ్చిపోయింది. బిందెతో మొదలెట్టి, పెళ్లినాటి సంగతులు, అత్తగారి సంగతులు, ఆయన తాతల సంగతులు, ఒకటి వదల్లా. ఆయన స్పీకర్ని చంటిపిల్లోడిలాగా ఎత్తుకోని బురదలో నిలబడ్డాడు, తిట్టు తిట్టుకీ ఇరవై ఒక్కసార్లు మొగుడా అనిపించుకుంటా. పొద్దుగూకేసరికి ఆఖరి మొక్క కూడా పడింది.

పున్నారావుగారు మిగతా చేలు కూడా వాళ్లకే ఒప్పగించాడు. బాగుంది గదా? మరి తెల్లారి తిరపతమ్మ ఆయన గుమ్మంలోకి వొచ్చి ఏమందంటే, "అన్నా, ఇయ్యాల నాలుగెకరాలు. వదినకి నిన్నటి కోపం తగ్గిపోయినట్టుంది. ఇంట్లో ఇంకేవన్నా ఉంటే తీసకపోయి అమ్మి రారాదూ?" అందంట. అమ్మాడా లేదా అనేది నన్ను అడగబాకండి. ఆ సంవత్సరం నాట్లన్నీ అయిపోయేసరికి వాళ్లింట్లో అన్నం వండటానికి గిన్నె లేదని మాత్రం విన్నా.