కాంపౌండర్ గారి ఆరు సీసాలు

కాంపౌండర్ బాబాయి టీ గ్లాసు బల్ల మీద పెట్టాడంటే కోతలు మొదలైనట్టే. గ్లాసు చేతిలో ఉన్నంతసేపే ఆయన మామూలు మనిషి.

దర్జీ అక్క వీధి దాటి టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి గ్లాసు బల్ల మీదే ఉంది. ఎదురుగా స్కూటర్ మెకానిక్, చేతులకున్న గ్రీజు తుడుచుకోవడం కూడా మరిచిపోయి వింటున్నాడు. అక్క మెడలోని టేపు తీసి వేళ్ళకు చుట్టుకుంటూ బెంచీ చివర కూర్చుంది. ఆమె వచ్చింది ఒక్క మాట చెప్పడానికి. నిన్న ఆట అయిపోగానే చెప్పబోతే, బాబాయి "ఆఁ ఆఁ, షాపు తెరవాలి" అంటూ మెట్లు దిగిపోయాడు.

ఆట అంటే పేకాట కాదు. శనివారం మధ్యాహ్నం లైబ్రరీ మేడ మీద గదిలో నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ చేరతారు. లెక్కల మాస్టారు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఏం చెయ్యదలుచుకున్నారో నోటితో చెప్పి పాచిక వేస్తారు. పడిన అంకెను బట్టి పని అయిందో బెడిసికొట్టిందో మాస్టారు తేలుస్తాడు. బాబాయి పాత్ర రసవాది. రోజంతా మందుల షాపులో సీసాలు అందించే మనిషికి అక్కడా సీసాలే. దర్జీ అక్క పాత్ర కత్తి పట్టిన ఆడమనిషి, గుర్రాన్ని భుజానేసుకుని ఏరు దాటగల బలశాలి.

అక్క కడుపు ఆపరేషనై నాలుగు నెలలు మంచాన ఉంది. లేచాక కూడా ఇంట్లో వదినది, కొట్లో బట్టలు కుట్టించుకునేవాళ్ళది ఒకటే పాట. వంగకు, మొయ్యకు, నీకెందుకు, కూర్చో. ఆమెను రోగిలా చూడనివాళ్ళెవరైనా ఉంటే ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళే. నిన్నే మళ్ళీ వెళ్ళింది. కూర్చుంటూనే తెగేసి చెప్పింది: "ఈ కత్తిమనిషి పోతే ఇంకొకర్ని తయారు చేసుకునే ఓపిక నాకు లేదు. ఆటే మానేస్తాను."

కత్తిమనిషి పోలేదు. ఎందుకు పోలేదో అక్కకు తెలుసు. అందుకే ఇవాళ ఆయనకు కృతజ్ఞత చెప్పుకుందామని వచ్చింది. బాబాయి సందిస్తేగా!

"ఏం లేదురా అబ్బాయ్," అంటున్నాడాయన, "నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని నీకు తెలుసు. గుహలో డ్రాగన్ ఉంది. మావాళ్ళంతా వెనకాల. నేను సంచీలోంచి ఒక నిప్పు సీసా తీసి, దగ్గు మందు మూత తిప్పినట్టు తిప్పి, విసిరాను. అంతే. దాని మీసం ఒకటి కాలింది."

"మీసమేనా?" అన్నాడు మెకానిక్, కాస్త నిరాశగా.

"మొదటి సీసా కదా, మర్యాద కోసం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి రోషమొచ్చింది. నోరు తెరిచింది. ఎంత నోరనుకున్నావ్, నీ షెడ్డూ ఈ టీ కొట్టూ దాని నాలుక మీద పెట్టినా ఇంకా బండి తిప్పుకోవడానికి చోటుంటుంది. నేను రెండో సీసా తీసి పాచిక వేశాను. ఇరవై ముఖాల పాచిక. ఇరవై మూడు పడింది."

"ఇరవై ముఖాలకి ఇరవై మూడెలా పడుతుంది బాబాయ్?"

"అదే కదరా! నా చేతిలో పడేసరికి అది హడలిపోయి ఇంకో మూడు ముఖాలు మొలిపించుకుంది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు."

టీ కొట్టు పిన్ని స్టవ్వు దగ్గర్నుంచే అడిగింది: "అన్నయ్యగారూ, ఇంకో టీ ఇప్పుడు పొయ్యనా, డ్రాగన్ చచ్చాక పొయ్యనా?"

"చావడమెక్కడ తల్లీ, నిద్రపోయింది! ఆ సీసాలోది నిద్రమందు. అది పడుకుంటే దాన్ని చూడ్డానికొచ్చిన ఏడుగురు తమ్ముళ్ళూ ఆ వాసనకే పక్కపక్కన ఒరిగిపోయారు. ఎనిమిదీ కలిసి పెట్టిన గురకకి కొండ లేచి పక్క రాజ్యంలో పడింది. ఆ రాజు మా రాజుకి ఉత్తరం రాశాడు, మీ కొండ మా పొలంలో ఉంది, వచ్చి తీసుకెళ్ళండని."

"మరి అక్క ఏం చేసింది?" మెకానిక్ ఆమె వైపు చూశాడు.

"అమ్మాయా? నా పక్కనే నిటారుగా నిలబడింది, కత్తి దూసి. ఆమెను చూసే డ్రాగన్ సగం జడిసింది," అన్నాడు బాబాయి, అక్క వైపు చూడకుండా.

అక్క చేతిలో టేపు ఆగింది. నిన్న ఆమె నిలబడింది ఎంతసేపో ఆమెకు తెలుసు.

"ఆ తర్వాత విను! డ్రాగన్ నిద్రలేచింది. బండ మీద పడుకుంది కదా, మోకాలు పట్టేసింది. 'డాక్టరుగారూ' అంటూ కాళ్ళమీద పడింది. కాంపౌండర్నే అన్నాను, వినదే. మూడో సీసాతో మోకాలికి రాశాను. అది ఆనందం పట్టలేక నన్ను వీపున ఎక్కించుకుని ఎగిరింది. ఎగురుతుంటే నాలుగో సీసా జారి మబ్బులో పడింది. మూడు రోజులు దగ్గు మందు వాన! ఆ రాజ్యంలో అప్పట్నుంచి దగ్గినవాడు లేడు. ఇంకొంచెం పైకి పోయేసరికి అయిదో సీసా మూత ఊడింది. చందమామ మీద మచ్చ ఉంటుంది చూడు, అది నేను తుడవకుండా వదిలేసిన మరక."

"బాబాయ్," అంది దర్జీ అక్క. "ఆ నిప్పు సీసా ఎక్కడిది?"

"సంచీలోది."

"ఆట మొదలయ్యే ముందు రసవాది ఆ రోజుకి కాచుకున్న ఆరు సీసాలేవో కాగితం మీద రాసుకోవాలి. రాయనిది సంచీలో ఉండదు. అవునా, కాదా?"

"అవుననుకో..."

"నేను నీ పక్కనే కూర్చున్నాను. నువ్వు రాసింది చూశాను. ఆరుకి ఆరూ గాయాలు మాన్పే మందే. నిప్పు లేదు, నిద్రా లేదు."

"ఒక్కటీ లేదా?" మెకానిక్ లేచి నిలబడ్డాడు.

"ఒక్కటీ. ఆరూ నా నోట్లోనే పోశాడు. మూడుసార్లు పడ్డాను, మూడుసార్లూ లేపాడు. ఆఖరి సీసా పోస్తుంటే డ్రాగన్ ఈయన వీపు మీద మంట ఊదుతోంది. చివరికి అందరం కలిసి పరుగో పరుగు. మీసం మాట దేవుడెరుగు, దాని ఒంటి మీద దుమ్ము కూడా రాలలేదు."

పిన్ని గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. బాబాయి గబుక్కున గ్లాసు అందుకున్నాడు. ఖాళీ.

"అమ్మాయ్, ఇవన్నీ నలుగురిలో..."

"నలుగురిలోనే చెబుతాను. విడిగా చెబితే నువ్వు షాపు తెరవాలంటావు. బాబాయ్, ఈ నాలుగు నెలల్లో నాకు మందు పోసినవాళ్ళందరూ పడుకోమనే పోశారు. లేచి కత్తి పట్టుకోమని పోసింది నువ్వే. నీ మేలు మరిచిపోను."

అక్క లేచి చీర సర్దుకుంది.

"ఆ డ్రాగన్ ఇంకా గుహలోనే ఉంది. వచ్చే శనివారం దాని పని పట్టడానికి నేనొస్తున్నాను. ఈసారైనా ఒక్క నిప్పు సీసా రాసుకో."

బాబాయి ఖాళీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని అందులోకే చూశాడు.

"సరే, ఒకటి రాస్తాను," అన్నాడు. "మిగతా అయిదూ పాతవే."