చెక్కపలక మీద పెళ్ళిదరువు

రుమేనియా కొండల్లోని ఆ మఠం వాకిట్లో మంచు ఇంకా విడలేదు. అరవై రెండేళ్ళ వయసులో కొత్తగా చేరిన సన్యాసిని, ప్రార్థనకు పిలిచే చెక్కపలకా రెండు సుత్తులూ పట్టుకుని మఠాధిపతి ముందు నిలబడింది.

"అమ్మగారూ, ఇవి తీసేసుకోండి. రేపట్నుంచి ఈ పలక ఇంకెవరినైనా వాయించమనండి."

"ఎందుకూ?"

"మీరు వినలేదా? మొదలు సరిగ్గానే పెట్టాను. మధ్యలో చేతులు వాటంతటవే పెళ్ళిదరువులోకి దిగిపోయాయి. గేటు దగ్గర రొట్టెలబ్బాయి చిందేశాడు కూడా."

"చూశాను. బాగానే వేశాడు."

"నవ్వకండమ్మా. మా ఆయన పోయేదాకా వారమంతా పాల డెయిరీలో పని, శనివారం వస్తే పెళ్ళిళ్ళలో ఆయన ఫిడేలు, త్సంబాల్ తీగల మీద నా సుత్తులు. దేవుడి కోసం ఆ వాద్యం మా చెల్లెలికిచ్చి వచ్చాను. చేతుల్ని ఎవరికిచ్చి రాను? నన్ను పంపేస్తారా?"

"ముందిది వినండి. మన ఎవ్దోకియా అవ్వ మూడేళ్ళుగా మంచం దిగలేదు కదా. ఇవాళ గోడ పట్టుకుంటూ చర్చిదాకా వచ్చింది."

"అయ్యో, ఎందుకూ?"

"ఎవరిదో పెళ్ళట, తననీ పిలుస్తున్నారట."

"మీరేమన్నారు?"

"అవునవ్వా, రేపూ పిలుస్తారు అన్నాను. సుత్తులు లోపల పెట్టుకోండి, మంచుకి తడిసిపోతున్నాయి."