పసుపులోళ్ల మైల

గుండు చెయ్యి కొండయ్యా అంటే, ఏందప్పా కత్తి పట్టుకొని అట్ల చూస్తాండావ్? ముందు తల తడుపు.

మీ ఇంట్లో చావేం లేదే అంటావా? నంద్యాలంతా తెల్సు, నీకు తెల్దా! ఆళ్లగడ్డ పెద్ద డాక్టరు, పసుపుల కేశవయ్య పోయినాడు గదా. నిన్ననే దినం చేసిరి. నేనూ పసుపుల భాస్కరయ్యనే గదా? మరి నాకు మైలుండదా?

నవ్వొద్దు. మా ఇంటిపేరంటే ఏమనుకుంటాండావ్? హరికథ చెప్పే పసుపుల భారతమ్మ, ఫుట్‌బాల్‌లో పేరుబడిన పసుపుల అబ్రహాము, ఈ డాక్టరు. ముగ్గురి ఫోటోలూ పేపర్లో కత్తిరించి అంగట్లో గోడకు అంటిచ్చుకుంటి. బస్సులో పేరు చెప్తే చాలు, డాక్టరు మీకేమయితాడని లేచి సీటిచ్చేటోళ్లు. మావోడే అంటాంటి. ఆమాత్రం అనుకోగూడదా?

అవునప్పా, అబ్రహాము కిరస్తానమే. అయితే ఏంది? ఇంటిపేరు ఇంటిపేరే.

డెబ్బైతొమ్మిదిలో నా పెండ్లాం తులసమ్మ పోయ. పిల్లల్లేరు, అన్నదమ్ముల్లేరు. అంగడి మూసి ఇంటికి పోతే నా దగ్గు నాకే ఇనపడతాంటాది. డాక్టరు పోయినాడని పేపర్లో చూసి ఏడిస్తి. నిజంగానే ఏడిస్తినప్పా.

నిన్న ఆళ్లగడ్డకు పోతి. దాయాదులంతా గుండ్లు చేయించుకోను వరసగా కూచున్యారు. నేనూ చొక్కా ఇప్పి కడాన కూచుంటి. డాక్టరు కొడుకొచ్చి, మీదేం గోత్రం పెద్దాయనా అని అడిగె. చెప్తి. అయితే మీరు మాకు దాయాదులు కారు, మీకు మైల లేదు, లేచి అన్నం తినిపోండి అనె. మర్యాదగానే అన్యాడు. తిట్టింటే బాగుండు. చొక్కా తొడుక్కొని, తినకుండానే బస్సెక్కితి.

ఏందీ? మైల లేనోనికి గుండెందుకా?

కానీ కొండయ్యా, ఆపొద్దు. నీకు చెప్తే ఏం పోయ... డాక్టరు కోసరం కాదు. నేను పోతే మైల పట్టేటోడు ఒక్కడు ల్యాడు. ఆ సంగతి నాకు ఎరికే, దానికి చేసేదేముంది! ఈ గుండుతో రేపు బజారుకు పోతే మాత్రం, అయ్యో, ఎవురు పోయినారు భాస్కరయ్యా అని ఒకరన్నా నిలబడి అడగరా? మావోడేనప్పా అని చెప్పుకుంటా. కొంచేపు మాట్లాడతారు గదా నాతో.

మీసం గూడా తీసెయ్.