ప్రమాణాల పెట్టె తాళంచెవి

ఏ పేరుతో పిలిస్తే పలుకుతారో ఇంతవరకు లిఖితపూర్వకంగా తెలియజేయని పై అధికారులకు ముందుగా నమస్కారం. వారి తరువాతి స్థానంలో ఉన్న సభాధ్యక్షులు రిజిస్ట్రారు గారికి, న్యాయవాద మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని "ఇక చాలించండి" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకు కూడా నమస్కారాలు.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ కోర్టులో సాక్షుల చేత ప్రమాణం చేయించాను. బోనెక్కిన ప్రతివారినీ "ఎవరి మీద చేస్తారండీ?" అని అడిగి, కొత్త పేరు వినబడితే ఒక అట్టముక్క మీద రాసి, నా చెక్కపెట్టెలో దాచేవాణ్ణి. నారాయణుడు, అల్లా, యెహోవా, వాహెగురు, అహురమజ్దా, తాతముత్తాతల ఆత్మలు. పేరు పలకడమే తప్పన్నవారున్నారు, అదీ రాసుకున్నాను. ఏ పేరు మీదనైనా అబద్ధాలు దాదాపు ఒకే వేగంతో వచ్చేవి కనుక, ఆ విషయంలో మతసామరస్యానికి లోటు రాలేదని మనవి. (నవ్వులు) పై అధికారులను సైతం నేను పూర్తిగా నమ్మను. ఇన్ని మారుపేర్లున్నవారిని ఏ కోర్టు నమ్ముతుంది?

గత నెల ఉత్తర్వు ప్రకారం ఇకమీదట అందరికీ ఒకే వాక్యం: "ఉన్నత శక్తి సాక్షిగా." సమయం ఆదా అవుతుందట. నవ్వకండి టైపిస్టు అక్కయ్యా, టైపు చేసింది మీరే. ఆ మర్నాడే ఈ వీడ్కోలు సభ మూడు వారాలు ముందుకు జరిగింది. రిజిస్ట్రారు గారు నా ఆరోగ్యం గురించి ఒకసారి, పెట్టె తాళంచెవి గురించి రెండుసార్లు అడిగారు. గేటు దగ్గర పాత సామాను బండి నిలబడి ఉంది. అది నన్ను ఇంట్లో దింపడానికి వచ్చిందని చెబుతున్నారు. నేనెవరినీ అనుమానించను. గమనిస్తాను, అంతే.

కిందటి వారం గోదాము తగలబడిన కేసులో, ముద్దాయిగా నిలబెట్టిన వంటమనిషి పొయ్యి ఆర్పకపోవడమే కారణమని, ఆ గోదాము కాపలాదారు ఉన్నత శక్తి సాక్షిగా గడగడా చెప్పేశాడు. న్యాయమూర్తి గారు కళ్లద్దాలు తుడుచుకుంటున్న సమయంలో, నిబంధనలకు విరుద్ధంగా, అట్టముక్క తీసి అడిగాను.

"బాబూ, చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే మీ అమ్మ ఎవర్ని పిలిచేది?"

"ఆ పేరు ఇప్పుడెందుకు సార్?"

"రాసుకుందామని."

అతను అట్టముక్కను చేత్తో పక్కకు నెట్టాడు. "వద్దు సార్. ఆ తల్లిని దీంట్లోకి లాగకండి," అని, న్యాయమూర్తి గారి వైపు తిరిగి, "అయ్యా, మళ్లీ మొదట్నించీ చెప్తాను," అన్నాడు. నిప్పు పెట్టించింది యజమానేనని ఈసారి ఆగి ఆగి చెప్పాడు. వంటమనిషి సాయంత్రానికి ఇంటికి చేరింది.

ఆ పేరేమిటో నాకు నేటికీ తెలియదు. ఆ అట్టను ఖాళీగానే పెట్టెలో వేశాను. పెట్టె మొత్తంలో నేను నమ్మేది దాన్నొక్కదాన్నే. (విరామం)

అందుచేత ఈ సభాముఖంగా దాఖలు చేస్తున్న కోర్కె, సంఖ్య ఒకటి: పెట్టెను పారవేయబోమని, నా తరువాత వచ్చేవారికి అప్పగిస్తామని రిజిస్ట్రారు గారు ఇక్కడే లేచి నిలబడి ప్రమాణం చేయాలి. ఉన్నత శక్తి మీద చేస్తే చెల్లదు. అయ్యా, మీకు జ్వరమొస్తే మీ అమ్మగారు ఎవర్ని పిలిచేవారు?

అంతవరకు తాళంచెవి మా ఆవిడ చేతిసంచిలో ఉంటుంది. రెండో కోర్కె లేదు. ఇంతసేపు ఓపిక పట్టిన అందరికీ కృతజ్ఞతలు. ఆ పేరు విన్న తరువాతే సెలవు.