పాలిష్‌దా, నల్లదా

1986 మార్చి ఆఖరు. చిలకలూరిపేటలో మెకానిక్ యలమందయ్య షెడ్డు. బానెట్ ఎత్తిన మిషన్ ఆసుపత్రి జీపు, దాని పక్కన డ్రైవరు ఆదాం.

"నల్లది తెప్పించు మేస్త్రీ."

"ముందు కాగితం చూడవయ్యా ఆదాం. మద్రాసు వాళ్ళు కార్బురేటరు బొమ్మ వేసి మరీ పంపారు. పందాల్లో తోలే బళ్ళకి పెట్టే రకమంట. మూడు రకాలుగా ఇస్తామంటున్నారు. ఒకటి పోతపోసింది పోసినట్టే, గరుగ్గా. రెండోది అద్దంలాగా పాలిష్ పట్టింది. మూడోది నల్ల కోటింగు."

"చూశా. నల్లది తెప్పించు."

"ఎందుకని?"

"దుమ్ము కనపడదు."

"బానెట్ కింద ఉండేదానికి దుమ్ము కనపడితే ఎంత, కనపడకపోతే ఎంత? ఎవరొచ్చి చూస్తారక్కడ, పెళ్ళివారా?"

"నేను చూస్తా గదా."

"నువ్వు చూస్తే తుడుస్తావు. చక్రాల బోల్టులు కూడా పళ్ళు తోమినట్టు తోమే మనిషివి. నీకు దుమ్ము కనపడకూడదా?"

"సరే, దుమ్ము సంగతి వదిలెయ్. ఇంతకీ ఈ మూడిట్లో ఏది ఎక్కువ వేడెక్కుద్ది?"

"ఏంటీ?"

"తక్కువ. తక్కువ వేడెక్కేది ఏదని."

"ఎక్కువ అన్నావు."

"నోరు జారింది. ఎండ అట్టా ఉంది."

"ఎండేనా? సరే విను. మా ఆవిడ తోమిన గిన్నె ఒకటి, మసిపట్టిన గిన్నె ఒకటి పొయ్యి పక్కన పెట్టు. ఏది ముందు చెయ్యి కాలుస్తది?"

"మసిగిన్నె."

"అంతే. మన జీపులో కార్బురేటరుని ఆనుకునే ఉంది పొగగొట్టం, పొయ్యి లాగా కాగుతా. నల్లదైతే ఆ వేడంతా పీల్చుకుద్ది. లోపల పెట్రోలు మరిగి ఆవిరైపోద్ది, బండి ఆగిపోద్ది. పాలిష్‌దైతే ఆ వేడిని చాలావరకు వెనక్కి కొట్టుద్ది. ఏం, అర్థమయిందా?"

"మరి ఆ మద్రాసు వాళ్ళు నల్లది ఎందుకు అమ్ముతున్నారు? వాళ్ళకి తెలీదా?"

"గాలి బాగా తగిలేచోట నల్లది దాని వేడి అదే వదిలేసుకుద్ది. మోటారు సైకిలుకి పెట్టుకో, వద్దన్నదెవరు? ఇది జీపు. పైన బానెట్ మూత, పక్కన పొగగొట్టం."

"అయితే గరుగ్గా ఉండేది తెప్పిద్దాం. మధ్యస్థంగా ఉంటది."

"ఆదామూ."

"ఏం?"

"నీ బండి ఆగకూడదనా, ఆగాలనా?"

"అదేం మాట మేస్త్రీ. ఆగకూడదనే గదా నీ దగ్గరికి తెచ్చింది. మా ట్రెజరర్ యేసుపాదం గారు ఏమన్నారో తెలుసా? ఈ కార్బురేటరే ఆఖరంట. ఇది పెట్టాక కూడా దార్లో ఆగిందంటే జీపు అమ్మేసి, డీజిలు వ్యాను కాంట్రాక్టుకి మాట్లాడతారంట. డ్రైవరు కూడా వాళ్ళ మనిషే. నన్ను గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చోబెడతారంట."

"అంత మాట అన్నాక కూడా నల్లది కావాలంటున్నావు."

"పోనీ పాలిష్‌దే పెట్టు. ఇక వెళ్తా."

"కూర్చో. బండి నా దగ్గరుంటే నువ్వెక్కడికెళ్తావు, నడిచా? ఆ గుడ్డ ఇట్టా ఇవ్వు."

"ఏ గుడ్డ?"

"నీ చేతిలోది. కార్బురేటరు మీద తడిపి వేసేది. ప్రతి డ్రైవరూ వేస్తాడులే, గోనెముక్కో పాత బనీనో. ఇది చూడు, మంగళగిరి చీర ముక్క. నాలుగు పక్కలా అంచు మడిచి కుట్టుంది. ఎంత సన్నకుట్టు! ఇంజను మీద వేసే గుడ్డకి ఇంత కుట్టు ఎవరు కుట్టారయ్యా?"

"సిస్టరు గారు."

"ఏ సిస్టరు గారు?"

"మా స్టాఫ్ నర్సు. జయకుమారి గారు. మంగళవారం, శుక్రవారం పల్లెల్లో పిల్లలకి టీకాలు వెయ్యటానికి వెళ్తాం గదా, ఆవిడే వస్తారు. దారాలు ఊడి లోపల ఇరుక్కుంటాయని కుట్టారు. అంతే."

"అంతే. ఇంకెవరొస్తారు జీపులో?"

"ఆయా ప్రేమమ్మ."

"ప్రేమమ్మ ఇల్లు మార్టూరు గదా. తిరిగొచ్చేప్పుడు అక్కడే దిగిపోతది."

"దిగుద్ది. అయితే?"

"ఏం లేదు. బండి మార్టూరు ఇవతలే ఆగుద్దంటే లెక్క చూసుకుంటున్నా. పాత పొగాకు బ్యారను కొట్టం దగ్గర. ప్రతిసారీ అక్కడే."

"అప్పటికి మిట్టమధ్యాహ్నం అయిద్ది మేస్త్రీ. పొద్దుటి నుంచి తిరిగిన ఇంజను. మరిగిపోదూ?"

"పోవాలి. అందుకే సంక్రాంతి వెళ్ళాక నేను కార్బురేటరు కింద మందపాటి ఫైబరు ప్యాకింగు వేశా. ఇంజను వేడి కింది నుంచి ఎక్కకుండా. గుర్తుందా?"

"ఉంది. పని చెయ్యలా అది."

"నిన్న నేను తోలా దీన్ని."

"ఎక్కడికి?"

"మార్టూరుకి, మళ్ళీ ఇక్కడికి. సరిగ్గా ఒంటిగంటకి. ఎండకి తారు కరిగి టైర్లకి అంటుకుంటా ఉంది. తడిగుడ్డ కూడా వెయ్యలా. పాలు తాగిన పిల్లాడు నిద్రపోయినట్టు నడిచింది బండి. బ్యారను దగ్గర కావాలని నెమ్మదిగా కూడా పోనిచ్చా. ఊహూఁ. ఆగలా."

"నిన్న కాస్త గాలి ఉంది."

"వడగాడ్పు ఉంది."

"మంచినీళ్ళున్నాయా మేస్త్రీ?"

"కుండలో ఉన్నాయి, తాగు. తాగి చెప్పు. రెండు నెలల్నుంచి ఆ బండి ఎట్టా ఆగుతుంది?"

"నువ్వు ఎవరితో అనవు గదా?"

"నేను బళ్ళతో తప్ప మాట్లాడను."

"సీటు కింద పెట్రోలు ట్యాపు ఉంది గదా."

"ఉంది."

"కట్టేస్తా."

"బండి నడుస్తుండగానా?"

"కాలు దురద పెట్టినట్టు వంగి కట్టేస్తా. కార్బురేటరులో మిగిలిన పెట్రోలు రెండు ఫర్లాంగులకి వస్తది. బ్యారనుకి ముందొచ్చే కల్వర్టు దగ్గర కట్టామా, సరిగ్గా దాని నీడలో ఆగుద్ది. ముందు కడితే ఎండలో ఆగుద్ది, ఆలస్యంగా కడితే నీడ దాటిపోద్ది. మొదట్లో రెండుసార్లు ఎండలో ఆగింది. పాపం ఆవిడకి తలనొప్పి వచ్చింది."

"ఓరి నీ తెలివి తగలెయ్య. నేనేమో ప్యాకింగు వేసి, పైపు మార్చి, మద్రాసుకి ఉత్తరాలు రాసి, ముప్ఫై ఏళ్ళ పనిలో ఒక్క బండి లొంగలేదే అని నిద్రపట్టక చస్తుంటే."

"తప్పే మేస్త్రీ. నీ దగ్గర తప్పు చేశా. కానీ వెళ్ళేప్పుడు ఎన్నడూ ఆపలా. ఐసు పెట్టెలో మందులున్నప్పుడు ఒక్క నిమిషం కూడా ఆపలా. దేవుడి తోడు. ఖాళీగా వచ్చేప్పుడే."

"ఆగి ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం. బానెట్ ఎత్తుతా. ఆవిడ గుడ్డ తడిపి ఇస్తారు. వేస్తా. చల్లబడాలి గదా, అరగంట కూర్చుంటాం. ఆవిడ టిఫిను డబ్బా తీస్తారు. నాకు సగం పెడతారు. ఆవిడ నర్సింగు చదివేప్పుడు హాస్టల్లో పిల్లిని దాచిపెట్టిన సంగతి చెప్తారు. నేను లారీ తోలినప్పటి సంగతులు చెప్తా. ఓసారి నా బీపీ చూశారు."

"ఎంతుంది?"

"ఎక్కువుంది. బండి ఆగిందని మీరు మరీ కంగారు పడిపోతున్నారు ఆదాం గారూ, అన్నారు."

"పాపం, నర్సమ్మకి కూడా రోగం దొరకలేదన్నమాట."

"నవ్వకు మేస్త్రీ. ఆసుపత్రి కాంపౌండులో ఆవిడ సిస్టరు గారు, నేను డ్రైవరుని. నిలబడి రెండు మాటలాడితే నాలుగు కిటికీలు తెరుచుకుంటాయి. బ్యారను దగ్గర మాత్రం నేను జయకుమారి గారూ అని పిలుస్తా. ఆవిడ పలుకుతారు. మా ఇంటిది పోయి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో నేను పలకరిస్తే పలికే మనిషి లేదు. వారానికి రెండు అరగంటలు. మిగతా వారమంతా నేను వాటికోసం బతుకుతున్నా."

"మరి ఆ మాట ఆవిడతో చెప్పొచ్చుగా. ట్యాపు కట్టటమెందుకు?"

"ఏమని చెప్పను? ఆవిడ ఇంగ్లీషులో చార్టులు రాసే మనిషి. రేపో మాపో మేట్రన్ అవుతారు. నేను నలభై ఆరేళ్ళ డ్రైవరుని. కాదన్నారనుకో, మళ్ళీ మంగళవారం అదే జీపు, అదే సీటు, అదే రోడ్డు. ఇద్దరం ముందుకి చూస్తా కూర్చోవాలి. ఉన్న అరగంట కూడా పోద్ది."

"ఇప్పుడు మాత్రం ఉంటదా? పాలిష్‌ది పెట్టానంటే ఇక బండి ఆగటానికి సాకు లేదు. ఆగిందా, యేసుపాదం గారు నిన్ను గేటు దగ్గర కూర్చోబెడతారు."

"అందుకే నల్లది అడిగా. వేడెక్కే రకమే పెట్టించుకుంటే, ఆగినా తప్పు దానిమీదకి పోద్దిలే అనుకున్నా."

"తప్పు దానిమీదకి పోద్ది. బండి కాంట్రాక్టోడి దగ్గరికి పోద్ది."

"తెలుసు. ఇందాక నువ్వు అడిగినప్పుడే తెలిసింది. పాలిష్‌దే రాయి మేస్త్రీ. ట్యాపు ఇక ముట్టను. తిన్నగా తీసుకొచ్చి కాంపౌండులో దింపేస్తా. మనిషి కళ్ళముందైనా ఉంటారు."

"నీ మొహం చూస్తే బ్యారనులో పొగాకు మాడినట్టుంది."

"రాయి రాయి. ఆర్డరు ఇవ్వాళే పోస్టులో పడాలన్నావు గదా."

"రాస్తున్నా. అదుగో, తెల్లచీర. రోడ్డు దాటి ఇటే వస్తున్నారు."

"ఎవరు? అయ్యో, సిస్టరు గారు. ఎందుకొస్తున్నారు?"

"ఆర్డరు మీద సంతకం పెట్టాలి గదా. టీకాల జీపుకి ఇన్‌చార్జి ఆవిడేనంట. నేనే కబురు పెట్టా."

"ముందు చెప్పకూడదూ? మేస్త్రీ, నోరెత్తావంటే నీ షెడ్డు గడప తొక్కను."

"బళ్ళతో తప్ప మాట్లాడనని చెప్పాగా. రండి సిస్టరు గారూ. ఆ స్టూలు మీద గ్రీజు లేదు, కూర్చోండి."

"ఫర్వాలేదండీ మేస్త్రి గారూ, నిలబడతాను. వార్డులో పనుంది. ఆదాం గారూ, చెమటలు కారిపోతున్నాయి, మళ్ళీ బీపీ చూడాలా ఏం?"

"లేదండీ సిస్టరు గారూ. షెడ్డు రేకులు గదండీ. వేడి."

"ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

"ఇక్కడండీ. కింద. మూడు రకాల్లో పాలిష్‌ది రాశాం. ఆదాం ఎంచాడు."

"పాలిష్‌దైతే ఏమవుతుంది?"

"నువ్వు చెప్పవయ్యా ఆదాం."

"పొగగొట్టం వేడిని వెనక్కి కొట్టుద్దండీ. లోపల పెట్రోలు మరగదు. ఇక బండి ఆగదండీ."

"ఆగదా?"

"ఆగదండీ."

"బ్యారను దగ్గర కూడానా?"

"ఎక్కడా ఆగదండీ. యేసుపాదం గారికి కూడా చెప్పండి, ఇక కంప్లయింటు రాదని. ఇదిగోండి, మీ గుడ్డ. ఉతికే ఉంది. ఇక దీంతో పనుండదు గదండీ."

"గుడ్డ మీ దగ్గరే ఉండనివ్వండి. ఇక నుంచి చేతులు తుడుచుకోవటానికి పనికొస్తుంది. మేస్త్రి గారూ, సంతకం పెట్టాను. దీంతోపాటు ఇంకొక చిన్న పని ఉంది, చేసిపెడతారా?"

"చెప్పండి. బండిలో ఇంకేమన్నా ఇబ్బందా?"

"ఇబ్బందంటే, డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాపు ఉంది కదండీ. దానికి కాస్త గ్రీజు పెట్టండి. రెండు నెలల్నుంచి కల్వర్టు దగ్గర ఆదాం గారు దాన్ని కట్టేసినప్పుడల్లా కీచుమంటోంది, నేనేమో వినపడనట్టు మిరప కల్లాల వైపు చూస్తూ కూర్చోవాల్సి వస్తోంది."