ఏడో దీపస్తంభాన్ని మోసినవాడు

పాత మెయిన్ రోడ్డులో వెనకటి ఇనప దీపస్తంభాలు పదకొండే మిగిలాయి. ఏడోదాని కింద టీకొట్టు, ఆ కొట్టు బల్ల మీద మెరుపు బాబాయ్. ఆ పేరు ఊరు పెట్టిందంటాడు గానీ, పెట్టుకున్నది తనే. వీధిదీపాల పనిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఆ పదకొండూ నా కన్నబిడ్డలంటాడు. ఆ ఒక్క మాటలో మాత్రం కోత లేదు.

ఆ ఉదయం బల్ల మీద ఎవరో కొత్త మనిషి టీ తాగుతున్నాడు. కొత్త చెవులు దొరికితే బాబాయ్‌కి నోరు ఆగుతుందా?

"ఆవేళ గాలివాన, ఈ ఏడోదాని బల్బు పోయింది, ఎక్కరా అంటే ఒక్కడూ ముందుకు రాడు, సరే అని నేనే బల్బు పళ్ళ మధ్య కరుచుకుని ఎక్కేశా. ఇంతవరకూ మామూలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిన్ననే చెప్పావుగా బాబాయ్," అంది టీకొట్టు అక్క గ్లాసులు కడుగుతూ.

"నిన్న చెప్పింది సగమే! లారీ వచ్చి గుద్దింది, నేనింకా పైనే ఉన్నా, మొదలు ఫట్‌మని విరిగింది, ఒక్క గెంతు గెంతి కిందికి దిగి భుజం అడ్డం పెట్టా. మూడు రోజులు మోశానండీ! టీ కూడా అలా నిలబడే తాగా."

కొత్త మనిషి గ్లాసు పక్కన పెట్టాడు. "మొదలు విరిగిందా? నిజంగా?"

"మా ఆవిడ మీద ఒట్టు!"

బల్ల అటు చివర బాబాయ్ పాత జతగాడు ఎప్పట్లాగే నేలచూపులు చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళూ ఇద్దరూ కలిసే పనిచేశారు. బాబాయ్ ఎన్ని కోతలు కోసినా ఆయన నోరు విప్పిన పాపాన పోలేదు.

"మరి మిగతా పదీ?" అన్నాడు కొత్త మనిషి.

"అక్కడికే వస్తున్నా! అన్నిటికీ ఒకటే తీగ గదా, ఏడోది ఒరిగేసరికి మిగతావీ వరసగా మొదళ్ళు తెంచుకుని వంగాయి, నా భుజం చూస్తే ఖాళీ లేదు, ఇంకేం చేస్తాను, తీగ పళ్ళతో పట్టి ఒక్క లాగు లాగా. అన్నీ బడిపిల్లల్లా లేచి నిలబడ్డాయి!"

ఆ మనిషి నవ్వలేదు. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. బల్ల కింద నుంచి ఎర్రరంగు డబ్బా, కుంచె పైకి తీశాడు.

"మున్సిపాలిటీ నుంచి వచ్చానండీ. మొదళ్ళన్నీ సిమెంటులో పూడిపోయాయి, పైకి కనబడవు. అందుకే పనిచేసిన పాతవాళ్ళని అడిగి, విరిగినవాటికి గుర్తు పెట్టమన్నారు. రేపు క్రేను వచ్చి వాటిని తీసేస్తుంది."

లేచి ఏడో స్తంభం మీద ఎర్రగా గీత గీశాడు.

బాబాయ్ బల్ల మీంచి దిగ్గున లేచాడు. "అయ్యో సార్! అవి ఉత్త కోతలండీ!"

"తీసేస్తామనగానే మాట మారుస్తున్నారు. పళ్ళతో లాగడం కోతే కావచ్చు. లారీ గుద్దితే మొదలు విరగడం వింతేం కాదు. తీగ లాగేస్తే పక్కవాటికీ దెబ్బే. రేపు ఎవరి నెత్తినైనా పడితే మీరొస్తారా?"

కుంచె ముంచుకుని ఆరోదాని వైపు కదిలాడు.

"అమ్మాయ్, నువ్వన్నా చెప్పవే!"

"నేనేం చెప్పను బాబాయ్? నేను కొట్టు పెట్టి నాలుగేళ్ళేగా."

తనని ఎవరూ నమ్మకూడదని బాబాయ్ పుట్టి బుద్ధెరిగాక కోరుకోవడం ఇదే మొదలు. సరిగ్గా ఇప్పుడే నమ్ముతున్నారు.

అప్పుడు లేచాడు జతగాడు.

"ఆగండి సార్. గాలివాన నిజమే గానీ, లారీ లేదు, గుద్దడం లేదు. వీడు ఏ స్తంభమూ ఎక్కలేదు. పైకి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి వీడికి. ఎక్కింది నేను, కింద నిచ్చెన పట్టుకున్నది వీడు. కావాలంటే మీ ఆఫీసు రిజిస్టరు చూసుకోండి. సిమెంటు పోసిననాడు మొదళ్ళన్నీ నేనే తట్టి చూశా. ఒక్క పగులు లేదు. రాసుకోండి, సంతకం పెడతా."

ఆ మనిషి ఆ మాటలు రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. వెనక్కి వచ్చి, ఏడోదాని మీద తడి ఆరని గీతని గుడ్డతో తుడిచేశాడు.

బాబాయ్ తలెత్తలేదు. సిగ్గుతో చెవులు మండుతున్నాయి, దీపాలు దక్కాయని ఏడుపూ ఆగడంలేదు. "ఇన్నేళ్ళు దాచి, ఇవాళ నలుగురిలో పరువు తీశావు కదరా," అన్నాడు గొణుగుతూ.

జతగాడు వచ్చి బాబాయ్ పక్కన కూర్చున్నాడు.

"అంత గాలివానలోనూ నిచ్చెన వదల్లేదు కదరా నువ్వు. చెప్పుకోవాల్సింది అది. అది మాత్రం ఒక్కనాడూ చెప్పవు."