పత్తి మిల్లు వాళ్లు గోలు కొట్టలేని రోజు

ఫెర్గానా లోయలో ఖాబిల్ నోటికి తాళం వేసినవాడు ఇంతవరకు పుట్టలేదు. శుక్రవారం నమాజు కాగానే కాలవ పక్క చాయ్‌ఖానాకి వచ్చి, వెడల్పాటి చెక్కమంచం మీద ఊరి పెద్ద హాషిం తాత పక్కనే చోటు చూసుకుని కూర్చున్నాడు. వచ్చే వారం పత్తి మిల్లు జట్టుతో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. ఊరి జట్టుకి కోచ్ ఎవరో తాత ఇవాళ తేల్చెయ్యాలి. ఆ పదవి మీద ఖాబిల్ ఎన్నాళ్లుగానో కన్నేశాడు. కోచ్‌ని పెళ్లిళ్లలో పెద్దల వరసలో కూర్చోబెడతారు మరి!

పెళ్లిళ్లకి పులావు వండే మామసాలీ అతని పియాలాలో రెండు గుటకల టీ పోశాడు. అక్కడి మర్యాద అది. కాస్త పోస్తే ఇంకాసేపు కూర్చోమని, అంచుదాకా నింపితే ఇక లేచి పొమ్మని. రెండు గుటకలు చూసేసరికి ఖాబిల్‌కి హుషారొచ్చింది.

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు తాతా, నీకు తెలుసుగా. పంతొమ్మిదేళ్ల కింద మన గోల్‌కీపర్‌కి జ్వరమొస్తే నన్ను నిలబెట్టారు. బంతి తొంభై నిమిషాలూ మిల్లు వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. ఆరుసార్లు కొట్టారు, ఆరూ ఆపాను. అంతే!"

"పోయినేడు నాలుగన్నావుగా అన్నా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న కుర్రాడు తాజిబాయ్.

"రెండు మర్యాదకి తగ్గించి చెప్పానురా. నిజానికి అరవై! కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, మధ్యలో టోపీ సర్దుకుంటూ మోకాలితో ఒకటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ల పొడుగాటివాడు ఒక్క తన్ను తన్నాడు. నేనో గుద్దు గుద్దాను. ఆ బంతి కొండ దాటి అవతల పుచ్చతోటలో పడితే, ఆ తోట ముసలాయన కాయే అనుకుని కోసి పళ్లెంలో పెట్టాడు!"

"తియ్యగా ఉందటా అన్నా?" అన్నాడు తాజిబాయ్.

అందరూ గొల్లుమన్నారు. మామసాలీ మాత్రం నవ్వకుండా పియాలాలో ఇంకాస్త పోశాడు. ఖాబిల్ చూడలేదు.

"నవ్వండి, నవ్వండి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోపమొచ్చి రెండు బంతులు ఒకేసారి వదిలారు. రిఫరీ కూడా వాళ్లవాడేగా! ఏం చెయ్యను? గోలు స్తంభాల్ని వేళ్లతో సహా పెరికి నాలుగడుగులు పక్కన పాతాను. రెండూ బయటికి పోయాయి. అప్పుడు ఆ రిఫరీ వచ్చి నా గడ్డం పట్టుకుని, 'అయ్యా, ఒక్కటి వదలండి, వాళ్లకీ పెళ్లాం పిల్లలున్నారు' అని ఏడ్చాడు. వదల్లేదు. చివరికి సున్నా సున్నా! తాతా, మన కుర్రాళ్లకి నేర్పాల్సింది ఈ విద్యే కదా?"

తాత గడ్డం నిమురుకుంటూ మామసాలీ వైపు చూశాడు. "ఆ రోజు నువ్వూ ఉన్నావుగా. ఏమంటావు?"

మామసాలీ పియాలాలో మళ్లీ పోస్తూ అన్నాడు. "సున్నా సున్నా నిజమే తాతా. మిల్లు వాళ్లు మన వాళ్లని బంతి తాకనివ్వలేదు, అదీ నిజమే. కానీ అతిథులకి పెట్టకుండా ఆట మొదలెట్టడం మనకి అలవాటు లేదుగా. పది కిలోల బియ్యం వండాను. గొర్రెతోక కొవ్వు వెయ్యడంలో చెయ్యి కాస్త జారింది. పెద్దలు వడ్డిస్తుంటే వద్దనడం వాళ్లకీ చేతకాదు. పదకొండు మందీ బాన ఊడ్చేశారు. ఆట మొదలయ్యాక గోలు దాకా పరిగెత్తుకొచ్చేవాళ్లు, అక్కడ పొట్ట పట్టుకుని కూలబడేవాళ్లు. బంతి దానంతటది దొర్లుకుంటూ పక్కకి పోయేది."

"మరి మన ఖాబిల్ అన్న?" అన్నాడు తాజిబాయ్.

"అతిథులకి తోడు కూర్చుని మూడు పళ్లాలు లాగించాడు. గోలుకి అడ్డంగా పడి గురక పెట్టాడు. ఒక బంతి వీపుకి తగిలి వెనక్కి పోయింది, అయినా కదల్లేదు. మన వాళ్లు లేపబోతే నేనే వద్దన్నాను. లేచుంటే గోలు పడేది."

చాయ్‌ఖానా దద్దరిల్లింది. మాటలు కోటలు దాటినా మనిషి గడప దాటలేదన్నమాట! ఖాబిల్‌కి చెవులు కాలిపోయాయి. పదవి పోతే పోయింది, పెళ్లిళ్లలో ఇక ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి? ఏదో ఒకటి అనాలని పియాలా అందుకున్నాడు. టీ వేళ్ల మీద ఒలికి చురుక్కుమంది. అది అంచుదాకా నిండి ఉంది.

"అయితే తాతా," అన్నాడు టోపీ వెతుక్కుంటూ, "కోచ్..."

"కోచ్ మామసాలీయే," అన్నాడు తాత. "ఖాబిల్, మ్యాచ్‌కి నువ్వు కూడా తప్పకుండా రా నాయనా. కడుపునిండా తిని, గోలుకి అడ్డంగా నీ చోట్లో పడుకో."